ముఖం ఒకటే, కార్డులు మూడు

మొన్న మా పెద్దమ్మగారు పింఛను పని మీద ఒక కార్యాలయానికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఆమెను యెరుగనివారు మా వీధిలో లేరు. అయినా ఆమె ఆమేనని అక్కడ రుజువు కాలేదు. ఓటరు కార్డులో యింటిపేరు పొడి అక్షరంగా వుంది, ఆధార్ కార్డులో పూర్తిగా వుంది, బ్యాంకు పుస్తకంలో అసలే లేదు. పోనీ వేలిముద్ర చూద్దామంటే, జన్మంతా అంట్లు తోమి, రోట్లో పచ్చళ్ళు రుబ్బిన వేళ్ళాయె! గీతలు అరిగిపోయాయి. "యెదురుగా నిలబడ్డాను గదా నాయనా, యింకేమి రుజువు కావాలి?" అని అడిగారట. వారూ నవ్వారు గాని పని మాత్రం కాలేదు.

కాగితంతో మనిషిని గుర్తించడం మన యానానికి కొత్త కాదు. ఫ్రెంచివారి యేలుబడిలో 1881లో ఒక డిక్రీ వచ్చింది. తమ కులాచార ధర్మాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరచట్టం క్రిందికి రాదలచినవారు ఒక వంశనామం యెన్నుకొని వ్రాయించుకోవాలని అందులో వున్నది. 1954 జూన్ 13న యానాం విముక్తి పొందింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టరీత్యా పూర్తయినప్పుడు, ఫ్రెంచి పౌరులుగానే వుండదలచినవారు ఆరు నెలలలోగా వ్రాసి యివ్వవలసి వచ్చింది. ఒక్క సంతకంతో పిల్లల దేశం కూడా తేలిపోయింది.

ఫొటో కార్డులు తరువాతి మాట. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా వుండగా 1993లో ఓటరు గుర్తింపు కార్డు వచ్చింది. 2010లో ఆధార్ మొదలైంది. పన్నెండు అంకెలు, పది వేళ్ళు, రెండు కళ్ళు!

"ఇరుగు పొరుగుల మాట చెల్లిన ఆ రోజులే మేలు" అని మా పెద్దమ్మగారు విసుక్కున్నారు. నాకూ అలాగే తోచింది. కాని ఒక్క సంగతి గుర్తుకు వచ్చి ఆగాను. 1929లో చేసిన శారదా చట్టం మరుసటి యేడు అమలులోకి వచ్చినప్పుడు, చుట్టుపట్ల బ్రిటిషు సీమ నుంచి యెందరో పెళ్ళివారు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాం వచ్చి మూడుముళ్ళు వేయించుకొని పోయారు. అక్కడి చట్టం యిక్కడ చెల్లదు గదా! పిల్ల వయసు పెద్దలు చెప్పిందే. నేడు ఆ పిల్ల చేతి కార్డు మీద పుట్టినతేదీ వుంటుంది. అయినవాళ్ళ మాట పిల్లను కాపాడని చోట కాగితం కాపాడవచ్చు. కనుక కార్డును తిట్టి లాభం లేదు, సరిగ్గా వుంచుకోవాలి.

మనకు మరొక చిక్కు కూడా వున్నది. చుట్టూ ఆంధ్ర, మనమేమో పుదుచ్చేరి. అమ్మాయిని ముప్పై కిలోమీటర్ల దూరాన కాకినాడకు యిస్తే రాష్ట్రమే మారిపోతుంది. చిరునామా, ఓటు రెండూ అక్కడికి మార్పించాలి. ఓటరు కార్డు చేతిలో వున్నంత మాత్రాన చాలదు, జాబితాలో పేరుండాలి సుమా!

అందుచేత సోదరీమణులకు నా మనవి. ఈ ఆదివారం యింటిల్లిపాది కార్డులు ఒకచోట పరచి అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఆధార్‌లో పేరు దిద్దుకోవడానికి మామూలుగా రెండుసార్లే వీలు, పుట్టినతేదీకి ఒక్కసారే. కాబట్టి తొందరపడి వ్రాయించకండి. పిల్లలకు అయిదో యేట, పదిహేనో యేట వేలిముద్రలు, కనుపాపలు మళ్ళీ యిప్పించాలి. ముసలివారి వేళ్ళు పలకకపోతే కంటితోనో, ముఖంతోనో సరిచూసే యేర్పాటు వున్నది, నోరు తెరిచి అడగండి.

పెద్దమ్మగారితో రెండోసారి నేనే వెళ్ళాను. పేరు దిద్దించాము. వేలు పలకలేదు గాని కన్ను పలికింది. దారిలో ఆమె అన్న మాట యిది: "ఆ మొదటి రోజునే ఒక్కరు తోడు వచ్చివుంటే బాగుండేది గదమ్మా!"

మీ యింట్లో పెద్దవారు కార్యాలయానికి బయలుదేరుతుంటే కార్డు ఒక్కటే చేతికిచ్చి పంపకండి. మీరూ వెళ్ళండి.