చిన్న పట్టణమునకు కాపురము మార్చుట మేలేనా?

మా పద్మారావు నగర్‌లో కొన్ని సంవత్సరములుగా ఇంటింటా వినిపించుచున్న ప్రశ్న ఒకటి కలదు. జంటనగరములలో ఇట్లు ఎన్నాళ్ళు నెట్టుకొని రాగలము? వరంగల్లుకో, నిజామాబాదుకో, మహబూబ్‌నగరుకో, కర్నూలుకో కాపురము మార్చుకొనిన బాగుండదా? 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు కొన్ని కొలువులు ఇంటి నుండియే చేయవచ్చునని తెలిసినది. అప్పటి నుండి ఈ ప్రశ్న మరింత బలపడినది. డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్న మిత్రులు కూడ దీనినే చర్చించుకొనుచున్నారు. కనుక ఈ సంచికలో దీనిని కొంత విచారింపదలచినాము.

చిన్న పట్టణము పక్షమున చెప్పు మాటలు అందరెరిగినవే. అద్దె తక్కువ. దుకాణము, బడి, మసీదు, గుడి నడక దూరములో నుండును. పొరుగువారు పేరు పెట్టి పిలుచుదురు. ఇవన్నియు నిజములే, వీటిపై వాదము పెంచనక్కరలేదు. పద్మారావు నగర్ పక్షమున చెప్పవలసినవి కూడ తక్కువేమీ కాదు. సికింద్రాబాదు రైల్వే స్టేషను దగ్గర. గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలమునకు మారినది. మనము కదలకుండగనే ఆసుపత్రి మన దగ్గరకు వచ్చినదన్నమాట! స్టేషను వద్ద నున్నవారికి మాత్రము అది దూరమైనది. 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు కూడ ఆ ఆసుపత్రి ముందు ఆగుచున్నది. ఇన్ని వసతులున్న చోట అద్దెలు పెరుగక మానవు. వాకర్ టౌన్ వీధులలో పాత ఇండ్లు పోయి అపార్టుమెంట్లు లేచినవి.

ఇట్లు ఒక కాగితము మీద రెండు వరుసలు వ్రాసి, ఏది పొడవుగా నున్న దానిని ఎన్నుకొనుట లోకాచారము. ఈ లెక్కలో పెద్ద లోపమొకటి యున్నదని మా అభిప్రాయము. ఇది కుటుంబమంతయు ఒకే మనిషి యైనట్లు వేసిన లెక్క. ఇల్లు మారినప్పుడు తండ్రికి కలుగు లాభము వేరు, తల్లికి కలుగునది వేరు, కళాశాలలో నున్న కూతురికి వేరు, ప్రతి నెల ఆసుపత్రికి పోవలసిన దాదీకి వేరు. లాభము ఒకరికి, నష్టము వేరొకరికి వచ్చినప్పుడు రెంటిని కూడి తీసివేసిన మిగులునది అంకె మాత్రమే.

దీనికి మన కళ్ళ ఎదుట జరిగిన ఉదాహరణ కలదు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. హైదరాబాదు పది సంవత్సరముల వరకు ఉమ్మడి రాజధానిగా ఉండవచ్చునని చట్టము చెప్పినను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2016లోనే తన సచివాలయమును వెలగపూడికి తరలించినది. ఉద్యోగులు విజయవాడ, గుంటూరు ప్రాంతములకు పోవలసి వచ్చినది. హైదరాబాదుతో పోల్చిన అవి చిన్న నగరములే. వారికి ప్రభుత్వము చేయని సదుపాయము లేదు. ఇంటి అద్దె భత్యమును 30 శాతమునకు పెంచినది. వారమునకు అయిదు దినముల పని ఇచ్చినది. 2016 జూన్‌లో విజయవాడ నుండి గుంటూరు మీదుగా సికింద్రాబాదునకు ఇంటర్‌సిటీ రైలు వచ్చినది. పిల్లల చదువునకు భంగము కలుగకుండ, మూడు సంవత్సరముల లోపల తరలి వచ్చిన వారిని అచ్చటి స్థానికులుగా పరిగణించునట్లు రాష్ట్రపతి ఉత్తర్వును సవరించినారు. తరువాత ఆ గడువును పొడిగించినారు కూడ.

అయినను ఏమి జరిగినది? అనేకులు తాము మాత్రము పోయి, కుటుంబమును ఇక్కడనే ఉంచినారు. శుక్రవారము సాయంకాలము రైలెక్కి సికింద్రాబాదులో దిగుట, ఆదివారము రాత్రియో సోమవారము తెల్లవారుజామునో మరల బయలుదేరుట. స్టేషను దగ్గరనే ఉన్న మన వీధుల వారికి ఆ చేతిసంచుల వరుస కొత్త కాదు. వారిని ఊరి మీద మోజు విడువలేనివారని కొందరు ఎగతాళి చేసినారు. అది న్యాయము కాదు. ఒక ఉత్తర్వుతో జీతము తరలివచ్చును. భార్య ఇక్కడ చేయుచున్న ఉద్యోగము, కొడుకు సగములో నున్న కోర్సు, వృద్ధులను ఏండ్ల తరబడి చూచుచున్న వైద్యుడు, వీరెవ్వరును ఆ ఉత్తర్వుతో తరలిరారు. ఇన్ని సదుపాయములు పొందినవారికే ఇట్లయినప్పుడు, అద్దె తగ్గునను ఒక్క ఆశతో బయలుదేరువారి సంగతి ఆలోచింపవలసియున్నది.

పట్టణములకు వచ్చు హోదాలను నమ్ముకొని కాపురము మార్చుట మరియొక ప్రమాదము. కర్నూలు 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని యైనది. కచేరీలు చాలక గుడారములు వేసినారు. మూడు సంవత్సరములు తిరిగి, 1956 నవంబర్ 1 నాటికి రాజధాని హైదరాబాదునకు పోయినది. అమరావతికి 2015 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగినది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చి, న్యాయ రాజధానిగా కర్నూలు పేరు మరల వినిపించినది. 2021 నవంబర్‌లో ఆ చట్టమును ఉపసంహరించినారు. 2024లో ప్రభుత్వము మారిన పిదప అమరావతిలో పనులు తిరిగి మొదలైనవి. ఇంత కాలము స్థలములు కొని కూర్చున్నవారి మనఃస్థితి ఎట్లుండునో ఊహింపవచ్చును. కాని అదే కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ స్థాపించిన ఉస్మానియా కళాశాల కలదు. రాజధాని వచ్చినది, పోయినది. కళాశాల నిలిచియున్నది. ఒక పట్టణమునకు పోదలచినవారు అచ్చట ఇట్టి సంస్థలు ఎన్ని ఉన్నవో మొదట చూడవలెను.

ఒకే యజమాని మీద ఆధారపడిన ఊరు కూడ ఇట్టిదే. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబర్‌లో మూతపడినది. పెద్ద నగరములో ఒక తలుపు మూసిన పది తలుపులు తట్టవచ్చును. అచ్చట తట్టుటకు రెండవ తలుపు ఎక్కడ?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మేము చిన్న పట్టణములకు విరోధులమని తలచవలదు. గత పది సంవత్సరములలో పని నిజముగనే జిల్లాలకు తరలినది. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో పది జిల్లాలు 31 అయినవి, 2019లో 33 అయినవి. 2022 జూన్ 2 నుండి ప్రతి జిల్లాకు జిల్లా న్యాయస్థానము ఏర్పడినది. ప్రభుత్వ వైద్య కళాశాలలు జిల్లాలలో ఒకదాని వెంట ఒకటి తెరచినారు. సికింద్రాబాదులో ఒక సీనియరు వద్ద పది సంవత్సరములు ఫైళ్ళు మోయు యువ న్యాయవాదికి, క్రొత్త జిల్లా కోర్టులో రెండేండ్లకే సొంత కేసులు దొరకుట అసంభవము కాదు. నర్సింగు చదివిన అమ్మాయికి, ల్యాబు పని నేర్చిన అబ్బాయికి, లెక్కల ఉపాధ్యాయునికి అచ్చట గౌరవమును, గిరాకియు కలవు. సాఫ్ట్‌వేరు వారికి మాత్రము మేము అంత ధైర్యము చెప్పలేము. 2020లో వరంగల్లు, కరీంనగరు, ఖమ్మములలోను, 2023లో మహబూబ్‌నగరు, నిజామాబాదులలోను ఐటీ భవనములు ప్రారంభమైనవి. సంతోషమే, కాని వాటిలోని కొలువులు వందలలో లెక్కింపదగినవి. చేతిలో విద్య ఉండి, దానికి అచ్చట పని ఉన్నదని విచారించుకొనినవారు నిస్సంకోచముగా పోవచ్చును. ఏ పని చేయుదుమో ఇంకను వెదకుకొనుచున్న వారు ఈ నగరములోనే వెదకుట మేలు.

విద్యార్థులు తప్పక తెలిసికొనవలసిన విషయమొకటి ఉన్నది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము తెలంగాణలో ఉద్యోగములకు స్థానికతను ఒకటి నుండి ఏడవ తరగతి వరకు చదివిన చోటును బట్టి నిర్ణయింతురు. అందులో కనీసము నాలుగు సంవత్సరములు ఏ జిల్లాలో చదివిన ఆ జిల్లా వారగుదురు. నేరు నియామకములలో 95 శాతము స్థానికులకే. అనగా రెండవ తరగతి చదువుచున్న తమ్ముని వెంటబెట్టుకొని నిజామాబాదు పోయిన కుటుంబము, తెలిసియో తెలియకయో, వాని ఉద్యోగపు జిల్లాను కూడ మార్చుచున్నది. అది లాభమే కావచ్చును. వైద్య విద్య సంగతి వేరు. ప్రవేశ పరీక్షకు ముందటి నాలుగు సంవత్సరములు తెలంగాణలోనే చదివియుండవలెనను నియమమును 2024లో కచ్చితము చేసినారు. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఇంటరు కొరకు విజయవాడకో, కుటుంబముతో కర్నూలుకో పోవు ముందు, డాక్టరు కాగోరు విద్యార్థి ఇంటివారు ఈ మాట పదిసార్లు ఆలోచింపవలెను. అద్దె లెక్క వేసిన కాగితములో దీనికి చోటిచ్చువారు అరుదు.

ఉర్దూ సంగతియు ఇట్టిదే. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా చేసినది. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు అట్లే చేసినది. చట్టము మంచిదే. కాని పిల్లవానికి అలిఫ్ బే దిద్దించునది చట్టము కాదు, బడిలోని ఉపాధ్యాయుడు. పోదలచిన పట్టణములో ఆ ఉపాధ్యాయుడు ఉన్నాడో, ఆ పోస్టు ఖాళీగా ఉన్నదో ఒకసారి పోయి కనుగొనిన తప్పేమి?

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. కుటుంబము తరలినప్పుడు మొదట ఆగిపోవునది ఆడపిల్లల చదువు. కొడుకును మేనమామ ఇంట ఉంచి చదివింతురు. కూతురికి మాత్రము టీ.సీ. తీసుకొని వెంట తీసికొనిపోవుదురు, అచ్చట ఆ సబ్జెక్టు ఉండదు, సంవత్సరము గడచును, పెండ్లి మాట వచ్చును. ఇంత ముఖ్యమైన నిర్ణయములో ఆ అమ్మాయి అభిప్రాయమును ఎవరును అడుగరు. టీ.సీ. దరఖాస్తు వచ్చిన దినముననే తలిదండ్రులను పిలిపించి మాట్లాడు పద్ధతి కమిటీ పెట్టవలెను. చివరి సంవత్సరములో నున్న విద్యార్థినులకు, పరీక్షలు ముగియు వరకు, నమ్మకమైన వసతిగృహములో చోటు చూపించి, రుసుములో కొంత భరింపవలెను. ఇదివరకే జిల్లాలలో స్థిరపడిన పూర్వవిద్యార్థుల పేర్లు, వారి వృత్తులు ఒక రిజిస్టరులో వ్రాయించి గ్రంథాలయములో ఉంచిన, వెళ్ళదలచినవారు ముందుగా ఒక జాబు వ్రాసి విచారించుకొనగలరు. దీనికి పెద్ద ఖర్చు లేదు. వచ్చు విద్యాసంవత్సరము ప్రారంభములోనే మొదలు పెట్టవచ్చును.