దీపముండగానే...

కరెంటు పోతే కేకలు వెయ్యడం, వస్తే మళ్ళీ కేకలు వెయ్యడం – ఈ రెండూ మనకెవరూ నేర్పనక్కరలేదు. కాని మొన్న ప్రాక్టికల్ పరీక్షనాడు కరెంటు పోతే ఎవరూ నోరు మెదపలేదు. సెంట్రిఫ్యూజ్ ఆగింది. ఇన్‌క్యుబేటర్ చల్లారింది. మూడు రోజులు కష్టపడి పెంచిన కల్చర్లు పాడైపోతే ఒక సోదరి బల్లమీద తలపెట్టుకొని ఏడ్చింది. అప్పట్నుంచీ అందరి నోటా ఒకటే మాట: "జనరేటర్ కొనాలి!"

కొనాలి, నిజమే. కాని ఎంతది? ఎక్కడ పెట్టాలి? ఎవరు చూసుకోవాలి? ఈ మూడూ తేల్చుకోకుండా కొంటే అది గుమ్మంలో కట్టేసిన వట్టిపోయిన గేదె అవుతుంది.

అన్నీ నడవాలని కొందరి వాదన. 25 కేవీఏ యంత్రమంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ లెక్కన 20 కిలోవాట్లే. నీళ్ళ మోటారు నేరుగా స్టార్టు చేస్తే మొదట్లో అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. పోనీ పెద్దది కొందామా? ఎప్పుడూ చాలీచాలని లోడుమీద నడిచే డీజిల్ ఇంజనులో మసి పేరుకుంటుంది. పైగా లీటరు డీజిలుకు వచ్చేది సుమారు మూడు యూనిట్లు. ఆ మూడు యూనిట్లూ ఆఫీసు ఏసీలకా, ప్రయోగశాలకూ పరీక్ష హాలుకూ మెట్లమీది దీపాలకా? నా ఓటు రెండోదానికే.

ఇక చోటు. మెట్లకింద పల్లపు గది ఖాళీగా ఉందిగదా అంటున్నారు. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో భూకంపానికి బయటి కరెంటు పోగానే జనరేటర్లు చక్కగా అందుకున్నాయి. కాసేపటికి సునామీ వచ్చింది. నేలమాళిగల్లో ఉన్నవి మునిగి ఆగిపోయాయి. తర్వాతి కథ లోకమెరిగిందే. మనకు సునామీ ఎక్కడిదనకండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననూ, 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరునూ మరచిపోదామా? ఎత్తయిన దిమ్మె కట్టి, ఆరుబయట పెట్టాలి. పొగగొట్టం కిటికీలకు దూరంగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చేంజోవర్ స్విచ్. అది లేకుండా కరెంటు వదిలితే, వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్ దాటి 11,000 వోల్టులు కావచ్చు. లైను చచ్చిందనుకొని స్తంభమెక్కినవాడి ప్రాణం మన చేతుల్లో ఉంటుంది. మన దీపం ఇంకొకరి ఇంటి దీపం ఆర్పకూడదు.

మా నాన్నగారు ఆయిలింజను వాడేది కాలువ నీరందని రోజుల్లోనే. అయినా వానాకాలంలో సైతం అప్పుడప్పుడూ తిప్పి చూస్తారు. "పని లేనప్పుడు తిప్పని ఇంజను పని పడ్డప్పుడు తిరగదురా" అంటారు. వారం వారం తిప్పి పుస్తకంలో రాసే మనిషి లేకపోతే జనరేటర్ ఉన్నా లేనట్టే.

చెరకు పిప్పి మండించి తన కరెంటు తానే పుట్టించుకున్న చక్కెర ఫ్యాక్టరీని చూస్తూ పెరిగాం ఉయ్యూరు వాళ్ళం. మనకీ లెక్క రాదా? ఫిజిక్సు విద్యార్థులం వారం రోజుల్లో గది గదికీ తిరిగి లోడు పట్టీ తయారుచేస్తాం. యూనియనూ, అధ్యాపకులూ దాన్ని ముందుపెట్టుకొని కూర్చోండి. బేరం ఆ తరువాత.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ప్రస్తుతానికి కరెంటు ఉంది మరి!