సాలీడు కనపడగానే స్ప్రే డబ్బా తీసేవాళ్లకి

వరికి దోమపోటు వస్తే దుబ్బుల మొదళ్లలో సాలీళ్లు ఉన్నాయా అని వెతికేది మనమే. అవి దోమని తింటాయి, తొందరపడి మందు కొట్టొద్దని పక్క రైతుకి చెప్పేదీ మనమే. మరి ఇంట్లో గోడమీద ఒక్కటి కనపడితే పిల్లలు పడుకునే గదంతా స్ప్రే కొడతామా? ఇదేం న్యాయమండీ!

మా చిన్నమ్మాయికి సాలీడంటే వణుకు. "రైతుబిడ్డవై ఉండి సిగ్గులేదా" అని నేనే ఎగతాళి చేశా. దాంతో భయం పోలా, నాకు చెప్పడం మానేసింది, అంతే. రాత్రిళ్లు లైటేసుకుని కూర్చునేది. తప్పు నాదే.

ఇప్పుడు గాజుగ్లాసు బోర్లించి, కిందకి అట్టముక్క తోసి, పెరట్లో వదిలేస్తున్నా. మొదట్లో గుమ్మం అవతల నిలబడి చూసేది. మొన్న అట్టముక్క తనే తెచ్చిచ్చింది. గ్లాసు మాత్రం ఇంకా ముట్టుకోలా.