చూరులో విల్లు, మేడలో తుపాకి

మొన్న ఒక గూడెంలో మీటింగు అయిపోయి అందరూ లేస్తుంటే ఒక ముసలాయన దగ్గరికొచ్చి అడిగాడు. "బాబూ, మా చూరులో తాతల నాటి విల్లుంది. అది ఉంటే కేసు పెడతారంట, నిజమేనా?" పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. మేడ గోడకు తుపాకి వేలాడితే హోదా, గుడిసె చూరులో విల్లుంటే నేరం! ఈ తేడా ఎక్కడిదో మనం తెలుసుకోవాలి.

ద్రోణుడు ఏకలవ్యుడి విల్లు అడగలేదు, బొటనవేలు అడిగాడు. వేలు పోయాక విల్లు ఉంటే ఎంత, లేకపోతే ఎంత! మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ధర్మానికి అడ్డొస్తే ద్విజులు ఆయుధం పట్టొచ్చంది. మరి మనం? 1936లో 'కులనిర్మూలన'లో అంబేద్కర్ చెప్పింది ఇదే. కింది కులాలు ఇన్ని వేల ఏళ్ళు తిరగబడలేకపోయాయంటే పిరికితనం కాదు, చదువునూ ఆయుధాన్నీ రెండిటినీ వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకున్నారు. ఆ తర్వాత తెల్లవాడొచ్చి 1878లో ఆయుధాల చట్టం చేశాడు. అందులో తుపాకులు, కత్తులు, బరిసెలతో పాటు విల్లమ్ముల్ని కూడా పేరు పెట్టి రాశాడు.

ఇప్పుడు నడుస్తున్నది 1959 చట్టం. దాని నిర్వచనంలో విల్లు పేరు లేదు. తుపాకికి ఎక్కడైనా లైసెన్సు కావాల్సిందే. తుపాకి కాని ఆయుధాల సంగతి వేరు. నాలుగో సెక్షన్ కింద ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు ఉండాలని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. ఆ ప్రకటన లేని చోట ఊరికే ఇంట్లో ఉంచుకున్నందుకు ఈ చట్టం కింద కేసు నిలవదు. లాఠీ, చేతికర్ర లాంటివీ, కేవలం ఇంటికీ సేద్యానికీ చేసిన పనిముట్లూ అసలు ఆయుధాలే కావని చట్టమే చెబుతోంది. తొమ్మిది అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు దాటిన కత్తుల్ని రూల్సు పట్టుకుంటాయి గానీ, అక్కడ కూడా ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసినవాటిని వదిలేశాయి. కొడవలి, గొడ్డలి, గడ్డపార, చెప్పులు కుట్టే రంపె - ఇవి మన బతుకు. కానీ మనమీద కౌంటర్ కేసు రాసేటప్పుడు ఇవే 'మారణాయుధాలు' అవుతాయి.

కాబట్టి ముసలాయనకు జవాబు: ఇంట్లో విల్లు ఉండడమే నేరం కాదు. అయితే అది పట్టుకుని ఎక్కడ నడుస్తున్నావు అన్నది ఇంకో సంగతి. నల్లమల చెంచును చూడండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 'ఆయుధం' అన్న మాటలో విల్లమ్ముల్నీ, వలల్నీ, ఉచ్చుల్నీ కలిపింది. 31వ సెక్షన్ ప్రకారం అధికారి రాతమూలక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు. తన అడవే, తన తాతల దారే, కానీ భుజాన విల్లుంటే కాగితం కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఎన్నో హక్కులిచ్చింది గానీ వేట హక్కును బయటే ఉంచింది. పులిని కాపాడొద్దని మనం అనడం లేదు. విల్లును వేటగాడి సరుకుగా తప్ప ఒక జాతి గుర్తుగా చూడలేని చట్టం సగం గుడ్డిదంటున్నాం.

చట్టానికి మినహాయింపులు చేతకాక కాదు. కృపాణం సిక్కు మతంలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణమే ఒప్పుకుంది. మంచిదే. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివాళ్ళకూ, జమ్మా భూమి హక్కుదార్లకూ కొన్ని తుపాకులకు లైసెన్సే అక్కర్లేదు. తెల్లవాడు ఇచ్చిన ఈ మినహాయింపును 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. భూమి ఉన్నవాడి తుపాకి సంప్రదాయమట. ఆ తోటల్లో కూలికి పోయే ఎరవలకు భూమీ లేదు, మినహాయింపూ లేదు.

ఇక మన సంగతి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపింది ఎక్కువగా గొడ్డళ్ళూ బరిసెలే, తుపాకులు కాదు. చుండూరులో పోలీసులు పల్లెలోనే ఉన్నారు! అందుకే ఆయుధం ఒక్కటే ప్రశ్న కాదు. దాన్ని ఎత్తే చేతి వెనక ఏ కులం, ఏ భూమి, ఏ స్టేషను ఉన్నాయన్నదే ప్రశ్న.

కొందరు కుర్రాళ్ళు "మనకూ ఆయుధ హక్కు కావాలి" అంటారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్ ఆయుధ హక్కును ప్రాథమిక హక్కుగా చేర్చమంటే అంబేద్కరే ఒప్పుకోలేదు. ఎవడంటే వాడు బజారుకు పోయి ఆయుధాలు కొంటుంటే రాజ్యం నడవదన్నాడు. నేను ఇంకోమాట కలుపుతాను. బజారులో పెట్టినది డబ్బున్నవాడికే అందుతుంది. అందరికీ తుపాకి హక్కు వస్తే వంద తుపాకులు మేడల్లోకి పోతాయి, ఒక్కటి వాడకు రావచ్చు.

మనం అడగాల్సింది ఇప్పటికే రాసి ఉంది. అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన రూల్సులో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ దళితేతరుల, గిరిజనేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ తుపాకులు పట్టుకోవాలి. అవసరమనుకుంటే దళితులకు, గిరిజనులకు లైసెన్సులు ఇవ్వాలి. ఈ 'అవసరమనుకుంటే' అన్న మాటలోంచే ప్రభుత్వాలన్నీ తప్పించుకుంటున్నాయి. అవసరమని అనిపించేలా చేయడమే సంఘం పని.

ఏం చేయాలి? కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్సు కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. దాని ముందు మీ ఊరి పేరు, బెదిరింపుల తేదీలు, లైసెన్సు తుపాకులున్న ఇళ్ళ జాబితా రాతపూర్వకంగా పెట్టండి, రసీదు తీసుకోండి. పోలీసులు విల్లో గొడ్డలో పట్టుకుపోతే ఏ గెజిట్ ప్రకటన కింద అని అడగండి. పంచనామాలో వస్తువు పేరు, కొలత సరిగా రాయించండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. కర్రలు పట్టుకు తిరగొద్దని 163వ సెక్షన్ ఆర్డరు ఉంటే ఊరేగింపులో పట్టుకోకండి, ఆ ఒక్క కర్ర అందరి మీద కేసవుతుంది. ప్రాణం మీదికి వస్తే కాపాడుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో అందరికీ ఉంది. అయితే అవసరమైన మేరకే, అదీ పోలీసు రక్షణ పొందే వ్యవధి లేనప్పుడే.

ముసలాయన విల్లు చూరులోనే ఉండనివ్వండి. ముందు మేడ మీది తుపాకి కిందికి దిగాలి. ఏకలవ్యుడి వేలు ఒకసారి పోయింది. ఇకమీదట మన వేలు వినతిపత్రం మీద సంతకం పెట్టడానికి, ఎదుటివాడి లైసెన్సు చూపించమని అడగడానికి లేవాలి.