ఆరు పలకల నట్టు



తెలుగు పండితునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు వీడియో ఆటను గురించి టపా వ్రాయడమేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. మా చిన్నవాడు రాయదుర్గంలో ఒక ఆటల కంపెనీలో పరీక్షకుడు, వాళ్ల భాషలో టెస్టర్. ఆటలోని మనిషి గోడలో ఇరుక్కుపోతున్నాడని అనుమానం వస్తే అదే గోడను రెండు వందల మార్లు గుద్ది చూడడం వాడి ఉద్యోగం. పండుగకు కొండాపూర్‌లోని వాడి ఇంట పది రోజులు ఉన్నాను. ఒక రాత్రి వాడు తెరపై చూపించినది చూశాక, ఇది నా శాస్త్రమే గదా అనిపించింది.

ఆ ఆట గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్. 2004లో వెలువడింది. మూడు నగరాలు, వాటి నడుమ కొండలు, ఎడారి. ఆడేవాడు కథను పక్కన పెట్టి ఎటు కావాలంటే అటు తిరగవచ్చు. కథ మాత్రం దొంగతనాలు, ముఠాల కొట్లాటలు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. 2005లో పదమూడేళ్ల మావాడు దాని డిస్కు ఇంటికి తెస్తే లాక్కుని బీరువాలో శబ్దరత్నాకరం వెనుక దాచాను. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. ఇవ్వలేదు.

ఈ ఆటనూ, దీనికి ముందరి రెంటినీ కలిపి 2021 నవంబరులో మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. డెఫినిటివ్ ఎడిషన్ అని పేరు. ఇక మీదట ఇదే ప్రమాణమైన ప్రతి అని దాని అర్థం. విడుదలైన నాటి నుంచే అభిమానులు దుమ్మెత్తిపోశారు. వాన తెల్లని గీతల్లా కళ్లకు అడ్డం పడిందట. బోర్డులపై మసక అక్షరాలను యంత్రం చేత స్పష్టం చేయించబోతే కొన్ని మాటలు తప్పుల తడకలయ్యాయి. వ్రాతప్రతులు చూసినవారికి ఈ రోగం కొత్త కాదు. అర్థం తెలియని లేఖకుడు అందంగా వ్రాసిన తప్పు అది.

అన్నిటిలోకీ నన్ను పట్టుకున్నది ఒక నట్టు. ఆటలో డోనట్లు అమ్మే దుకాణం ఒకటి ఉన్నది. డోనట్ అంటే నడుమ చిల్లున్న తీపి గారె అనుకోండి. దుకాణం పేరు టఫ్ నట్. పైన గుర్తుగా మరకు బిగించే ఆరు పలకల ఇనుప నట్టు పెట్టారు. తినే నట్టుకూ బిగించే నట్టుకూ శ్లేష! కొత్త ప్రతిలో కోణాలన్నిటినీ నునుపు చేసే పనిలో ఆ ఆరు పలకలూ అరిగి గుండ్రమైపోయాయి. శ్లేష కాస్తా పోయి గారె మిగిలింది. పరిష్కర్తకు అక్షరం కనబడింది గాని కవి కనబడలేదు.

పొగమంచు సంగతి ఇంకా లోతైనది. ఆ ఆట మొదట పుట్టిన ప్లేస్టేషన్ 2 యంత్రానికి ఉన్న ప్రధాన జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. దూరాన ఉన్నదంతా ఒకేసారి చూపలేదు గనుక రూపకర్తలు పొగమంచు కప్పారు. ఆ లేమి నుంచే ఒక రసం పుట్టింది. కొండెక్కి చూస్తే ఆవల ఏముందో తెలియదు, లోకం అనంతమనిపిస్తుంది. కొత్త యంత్రాలకు ఆ ఇబ్బంది లేదు గదా అని మంచు తుడిచేశారు. తీరా చూస్తే ఆ కొండ మీద నుంచి ఇంకో నగరం పక్క వీధిలా కనబడుతున్నది! మహాదేశమనుకున్నది బొమ్మల కొలువైపోయింది. చెప్పకుండా వదిలినదానిలోనే ధ్వని ఉన్నదని మనం పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పాము.

మెరుగులు వద్దనే ఛాందసుణ్ణి కాను. 1957 నాటి మాయాబజార్‌కు మన హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దింది. 2010లో అది విడుదలైతే చూసి ఆనందించినవాడినే. నలుపు తెలుపుల ప్రతి ఎక్కడికీ పోలేదు, ఇష్టమైనవారు అదే చూస్తారు. నా అభ్యంతరం అక్కడే. ఈ ఆట విషయంలో కొత్త ప్రతి రాకమునుపే, 2021 అక్టోబరులో, పాతవాటిని అంగళ్ల నుంచి తీసివేశారు. గోల పుట్టాక, నవంబరులో క్షమాపణ చెప్పి కంప్యూటరు ప్రతులను మళ్లీ అమ్మకానికి పెట్టారు. వేమన పద్యాలు సేకరించిన బ్రౌను దొర పాఠాంతరాలను చింపి పారేసి ఉంటే ఏమయ్యేది?

తరువాత సవరణలు వచ్చాయి. వానను బాగుచేశారు. 2023 డిసెంబరులో ఫోన్లకు వచ్చిన రూపంలో పాత ఆకాశపు వన్నెను తిరిగి ఇచ్చారు. 2024 నవంబరులో తక్కిన యంత్రాలకూ అది అందింది. కావలసినవారు మీట నొక్కి పాత వెలుగును ఎంచుకోవచ్చు. పాఠాంతరాన్ని అధస్సూచికలో ఇవ్వడమంటే ఇదే. మనసారా మెచ్చుకున్నాను.

కాని ఆ సవరణతోనే ఇంకొకటి జరిగింది. 2021 ప్రతిని తయారుచేసిన గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ పేరు ఆట మొదట్లో తెరపై కనబడకుండా పోయింది. ఈ సవరణల్లో వందలాది తమవారు చేసి ఇచ్చినవేనని ఆ సంస్థ అధినేత బహిరంగంగానే వాపోయాడు. వాళ్లు తప్పులు చేశారు, నిజమే. తప్పు చేసినవాడి పేరు చెరపడం పరిష్కరణ కాదు. ఆశ్వాసాంత గద్యలో కవి పేరు ఉన్నందుకే గదా ఎన్నో కావ్యాలు ఎవరివో మనకు తెలుస్తున్నాయి. బ్రౌను కొలువులో వ్రాతప్రతులు సరిచూసిన జూలూరి అప్పయ్య పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఆ నెలలోనే హెచ్ఐసీసీలో దేశంలోని ఆటల రూపకర్తల సభ జరిగింది. మావాడు వెళ్లి వచ్చాడు. "నీవు పనిచేసిన ఆటల్లో నీ పేరు ఎక్కడ వస్తుందిరా?" అని అడిగాను. "ఒకదాంట్లో వచ్చింది నాన్నా, రెంటిలో రాలేదు. మాది బయటి నుంచి చేసే పని కదా" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గోడలను గుద్దిన రాత్రులు వీడివి.

మరొక ముక్క వాడే చెప్పాడు. పాటల హక్కుల గడువు తీరడంతో 2014లో ఆ ఆట నుంచి కొన్ని పాటలు తీసివేశారట. కారు నడుపుతుంటే రేడియోలో వచ్చే పాటలవి. పాత డిస్కుల్లో మాత్రం అవి చెక్కుచెదరకుండా ఉంటాయట.

ఊరికి తిరిగి రాగానే బీరువా తీశాను. శబ్దరత్నాకరం వెనుక అట్ట కొంచెం చెద తిన్నది గాని డిస్కుకు గీత పడలేదు. వాడి ల్యాప్‌టాపుకు డిస్కు పెట్టే అర లేదట. ఫోనులో చెబితే బయట తగిలించేది ఒకటి ఆ పూటే కొన్నాడు. రేపు ఆదివారం వాడే వస్తున్నాడు.