ముందు గోడ, వెనుక కొయ్య

సినిమా చూడవచ్చునా, చూడకూడదా అన్న చర్చ మన ఇండ్లలో పాతదే. ఈ నెల దాని జోలికి పోము. సినిమా తయారయ్యే చోటును ముప్కాల్ నుండి పెద్దలము, యువజనులము కలిసి చూచి వచ్చాము. ఆ సంగతులే చెప్పుకుందాము.

తెలుగు సినిమాకు చాలా ఏండ్లు మద్రాసే ఇల్లు. హైదరాబాదు అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల నాటిది. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లో వచ్చింది. 1996లో రామోజీరావు గారు నగరం వెలుపల, విజయవాడ రహదారి మీద ఫిల్మ్ సిటీని స్థాపించారు. 1,666 ఎకరాల ఆ స్థలాన్ని ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయముగా గిన్నిస్ వారు నమోదు చేశారు. 2024 జూన్ 8న ఆయన కన్నుమూశారు. అయినా అక్కడ ఒక ప్రక్క షూటింగులు, మరో ప్రక్క సందర్శకుల బస్సులు నడుస్తూనే ఉన్నాయి.

మాకు ఇక్కడినుండి సుమారు రెండువందల కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరాము. టికెట్టు కొన్నవారిని వారి బస్సులోనే త్రిప్పుతారు. షూటింగు జరిగే చోటికి మాత్రం పోనివ్వరు. విమానాశ్రయము చూచాము, విమానాలు ఎగరవు. రైల్వే స్టేషను చూచాము, ఏ ఊరి రైలూ రాదు. నిజమైన స్టేషనులో షూటింగుకు అనుమతులు కావాలి, ప్రయాణికులకు ఇబ్బంది. ఇక్కడైతే అద్దె కట్టి, ఊరి పేరు బోర్డు మార్చుకుంటే సరిపోతుంది. 2015లో వచ్చిన ‘బాహుబలి’ కోసం కళాదర్శకులు సాబు సిరిల్ గారు కట్టించిన మాహిష్మతి సెట్టు కూడా చూచాము. ముందు నుండి రాతికోటలా కనబడే సెట్టుల వెనుక కొయ్యలు, ఇనుప కమ్మీలు ఉంటాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను అచ్చులలో పోసి, రంగు వేసి రాయిని చేస్తారు. గదికి మూడు గోడలే ఉంటాయి, నాలుగవ వైపు కెమెరాకు, దీపాలకు విడిచిపెడతారు.

మాతో వచ్చినవారిలో ఇంటర్ చదివే ఒక అబ్బాయి ఉన్నాడు. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. సినిమాలో వేషం ఇప్పిస్తామని, ముందుగా కొంత సొమ్ము పంపమని ఎవరో ఫోనులో చెప్పారట. తల్లి మెడలోని గొలుసు కుదువ పెట్టడానికి సిద్ధపడ్డది. ఆ మాట మాకు బస్సులోనే తెలిసింది.

ఒక చోట సెట్టును మార్చుతున్న వడ్రంగులు కనబడ్డారు. ఈ పనిలోకి ఎట్లా వచ్చారని అబ్బాయి అడిగాడు. మేస్త్రి దగ్గర ఏండ్ల తరబడి పని నేర్చుకున్నామని, పని నేర్చినవానికి డబ్బు ఇస్తారే గాని పుచ్చుకోరని ఒక పెద్దాయన చెప్పాడు. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

వీసా ఇప్పిస్తామన్న ఏజెంట్లకు పొలాలమ్మి డబ్బు కట్టి, మోసపోయిన ఇండ్లు మన ప్రాంతములో లేవా? ఆ బాధ తెలిసినవారమే, సినిమా వేషమనగానే అదే మాటకు ఎందుకు లొంగుతాము? తెర మీద కనబడేది కొద్దిమందే. వారి వెనుక వడ్రంగము, రంగులు, కుట్టుపని, దీపాలు, శబ్దము, ఎడిటింగు చేసే చేతులు ఎన్నో. అవన్నీ నేర్చుకోదగిన పనులే. పిల్లవాడు సినిమా అంటే కసరక, “అందులో ఏ పని ఇష్టం నాయనా?” అని అడగండి. సొమ్ము అడిగినవాడు ఎవరో, ఏ సంస్థవాడో పెద్దలు విచారించక ఒక్క రూపాయి పంపకండి.

గొలుసు తల్లి మెడలోనే ఉన్నది. అబ్బాయికి సినిమా మీద ప్రేమ తగ్గలేదు. తగ్గించాలని మేమూ అనుకోలేదు. పరీక్షలయ్యాక ఎడిటింగు ఎక్కడ నేర్పుతారో కనుక్కుంటానన్నాడు. మేమూ కనుక్కుంటున్నాము.