కీళ్లమంట ఆర్పే జీన్ సూది యాడ ఆగింది?

"జీన్ సూది వచ్చిందంట, వారం మాత్ర మానేద్దునా నాయినా?" అని మా పెద్దమ్మ అడిగింది. చెనక్కాయలు ఒలిచిన చేతులు. ఇప్పుడు పొద్దన్నే పిడికిలి ముడుచుకోదు. మానొద్దంటిని.

అట్లని సూది సంగతి అబద్ధం కాదు. జీన్ చెప్పే మాటను కణంలో మోసుకుపొయ్యే చీటీ ఆర్ఎన్ఏ. దానికి జతపడే చిన్న ముక్కను పంపితే కణమే ఆ చీటీని చించేస్తాది. జీన్ ఉంటాది, మాట బయటికి రాదు. 1998లో ఫైర్, మెల్లో దీన్ని పురుగుల్లో చూపించినారు. 2006లో నోబెల్ వచ్చింది. కీళ్లవాతంలో మన రక్షణ కణాలే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ వదిలి మంట పెడతాయి. ఆ ఒక్క చీటీ చించితే చాలు గదా?

చిక్కంతా ఆడే ఉండాది. 2018లో అమెరికా ఒప్పుకున్న మొదటి మందు పాటిసిరాన్ పనిచేసేది కాలేయంలో. తర్వాత వచ్చినవీ ఆడికే పోతాయి. రక్షణ కణాలేమో మందును మింగి, అది పని మొదలుపెట్టకముందే అరిగించుకుంటాయి. ఎలకల్లో కీళ్లవాపు తగ్గింది గానీ, మనుషుల కీళ్లవాతానికి ఇంకా మందు కాలేదు. ఇంక ధరంటారా, పాటిసిరాన్ వచ్చినప్పుడు ఏడాదికి సుమారు 4.5 లక్షల డాలర్లు!

పెద్దమ్మ మింగే మెథోట్రెక్సేట్ మాత్రం చవక. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం పనిలోంచి వచ్చిందే అది. వారానికొక్కసారే మింగాల, రోజూ మింగితే ప్రాణానికే ముప్పు.

ఏర్పేడు కాడ ఐసర్ ఉండాది, తిరుపతిలో స్విమ్స్ ఉండాది. కణాలు చదివేవాళ్లు ఒకచోట, రోగులు ఇంకోచోట. ఇద్దరూ కలిసి ఈ పని చేసేదానికి దుడ్డు పెట్టమని, రోడ్డు అడిగినట్టు మన ఎమ్మెల్యేలను ఎవరన్నా అడిగినారా?